ఆనందమ్మకు పోంగ మిగిలిన దెబ్బలు

పగిలినదాన్ని బాగుచెయ్యమంటే ఇంకో బొక్క పెడ్తనంటవేందే నిస్సీ? గీ ఇంజనీరు చదువుకేనా మీ నాయన నిన్ను హైదరాబాద్ పంపింది? పాస్టరు బిడ్డవని ఊకుంటున్న. లేకుంటే ఆ డ్రిల్లు మిషన్ బాయిల పారేస్తుంటి!

నవ్వకు. గీ చర్చి గంట ఊకెనే రాలే. మా అమ్మలు, అత్తలు ఇంటికో ఇత్తడి చెంబిచ్చి, కరగబెట్టి పోయించిండ్రు. కరువుల కూడ అమ్ముకోని చెంబులు! అంతకుముందు దొర మనిషి కూతేస్తే లేస్తుంటిమి. గంట వచ్చినంకనే మా పొద్దు మాదైంది. దానికి బొక్క పెడ్తవా?

సరే, ఆ కంప్యూటర్ తియ్యి. మల్ల సూపియ్యి.

గిది మన గంటేనా? అంత నీలం రంగేసినవు, మంచిగనే ఉంది. పగులు కొసకేంది, పండుమిరప లెక్క గంత ఎర్రగున్నది? ఆఁ, చెప్పినవు. కొట్టినప్పుడల్లా ఆ జోరంత పగులు పక్కపొంటి తిరిగొచ్చి ఆ సన్న కొస మీదనే పడ్తది. సిర్గాపూర్ ఆఖరు బస్సు తలుపు కాడ జనం ఎగబడ్డట్టు. అందుకే పగులు పాకుతుంది. బొక్క పెడితే కొస గుండ్రంగైతది, జోరు చుట్టూ పంచుకపోతది. గంతే కద? నేనేం ఎడ్డిదాన్నా?

సమజైతే ఒప్పుకోవాల్నా? గొంతు జర మారుతదని నువ్వే అన్నవు. నాకు గా పాత గొంతే కావాలె.

బొక్క పెట్టకుంటే ఎక్కువల ఎక్కువ వంద దెబ్బలు ఆగుతదన్నవు సూడు, గా మాటనే నన్ను పరేషాన్ చేసింది.

మన రివాజు నీకెరుకే. ఇప్పుడైతే ఆదివారం మైకు పిలుస్తది. గంట కొట్టేది మనిషి పోతేనే. పోయినోళ్లకు ఎన్నేండ్లుంటే అన్ని దెబ్బలు. ఇగ మా యారాలు, మా బావ పెండ్లాం ఆనందమ్మ, మంచాన పడ్డది. నాకంటే రెండేండ్లే పెద్దది. కాని పింఛను జల్దీ రావాలని ఆధార్ల పదేండ్లు ఎక్కువ రాయించుకుంది. ఎనబై ఐదట! కమిటీవోళ్లు ఆధార్ సూసే కొడ్తరు. ఆమె ఎనబై ఐదు మింగినంక నాకేం మిగుల్తది? పదిహేను! "అయ్యో, ఎవరో బడి పిల్ల పోయింది" అనుకోరా మన ఖేడ్ ఊరంత?

అందుకే రోజు పోతున్న ఆమె ఇంటికి. పొద్దుగాల జొన్న గటక, పగటీలి నాటుకోడి సూరువ. దవాఖాన గోలీలు నా చేతుల్తోనే మింగిస్తున్న. "రిబ్కమ్మకు యారాలంటే ఎంత ప్రేమో, ఎంత పావురమో" అని అందరు మురుస్తుండ్రు. పావురమా, బూడిదా! నేను పోయేదాక ఆమె పోవద్దు, గంతే.

ఆమె తక్కువదా? నిన్న గోలి నా మీదనే ఉమ్మింది. "నువ్వే ముందు పోతవు సూడవే. నీ గంట మంచంలకెళ్లే లెక్కపెడ్త. ఒక్కటి తక్కువైనా కొట్టేటోని చెవులు పిండుత" అన్నది. నాకెంత సంబురమైందో!

ఇయ్యాల పొద్దుగాల పోతే... ఉమ్మలే. తిట్టలే. గటక మింగలే, పెదవులకెళ్లి జారిపోయింది.

ఏంది గట్ల సూస్తున్నవు? ఏడుస్తలేను. కూలి పెంచమని దొర వాకిట్ల కూసున్న నాడు అందరు లేచిపోయిండ్రు బిడ్డా. నా పక్కన మిగిలింది గీమె ఒక్కతే. అప్పుడు కూడ నన్ను తిట్టుకుంటనే కూసున్నది.

నడుమల పగిలితే ఎట్ల? నలబై కాడ, యాబై కాడ గొంతు పోతే? ఊకుంటదా ఆమె? పెట్టు, బొక్క పెట్టు. గొంతు మారితే మారనియ్యి. ఆమెకు మొత్తం మోగాలె.

నాకా? లెక్కపెట్టేటిదే లేనంక, ఎన్ని కొడితే నాకేంది?