మొదట ఎవర్ని అడగాలి

దుమ్యాత్ ఊళ్లో కొయ్య చెక్కే దుకాణం. మధ్యాహ్నం నమాజు అయిపోయింది. తాళం పడ్డ కంప్యూటర్ ముందు ముసలి మేస్త్రీ ఉస్తా మిత్వల్లీ, మనవరాలు ఇనాస్.

“నెమ్మదిగా చెప్పు మనవరాలా. తొందర మాటలు నాకెక్కవు. మీ నాన్న వేసిన తాళం తియ్యకుండానే లోపలికి పోతావా?”

“పోతా తాతా. తాళం ఉన్నది లోపలి విండోస్‌కి. దాన్ని అసలు లేపనే లేపం. ఈ డిస్క్‌తో మిషన్ మొదలుపెడతాం.”

“ఎక్కడిదది?”

“ఫోన్ల కొట్టు షాకిర్ ఇచ్చాడు. నువ్వు కాస్త వెనక్కి జరుగు, సిగరెట్ బూడిద పడుతోంది.”

“పడనీ. రంపపుపొట్టు తిని బతికిన డబ్బా అది.”

“ఆన్ చేస్తున్నా... అయ్యో!”

“ఏమైంది?”

“డిలీట్ మీట ఆలస్యంగా నొక్కా. మళ్లీ నాన్న ఫొటో వచ్చింది. పాస్‌వర్డ్ అడుగుతోంది.”

“నవ్వుతున్నాడా ఫొటోలో?”

“ఊఁ.”

“నవ్వడూ మరి! సాయంత్రం నమాజు కాగానే కాగితాలు పట్టుకొస్తాడు. దుకాణం వాడి పేర రాస్తే అప్పుడు తాళం మాట చెప్తాడట. ముషబ్బక్ మిఠాయి పొట్లం కూడా తెస్తానన్నాడు. తండ్రి గొంతు కోసి నోరు తీపి చేస్తాడు.”

“తాతా, ఎంతైనా మా నాన్న...”

“మీ నాన్న కాకముందు నా కొడుకు. ఊఁ, కానీ.”

“ఉండు, మళ్లీ ఆన్ చేస్తున్నా. నొక్కుతూనే ఉన్నా... ఆ, వచ్చింది. నీలం తెర.”

“ఏముంది అందులో?”

“వరస. మిషన్ లేవగానే మొదట ఎవర్ని అడగాలో అని. మొదట లోపలి హార్డ్ డిస్క్. రెండోది మన డిస్క్.”

“మొదటిది పలికితే?”

“రెండోదాన్ని అడగనే అడగదు.”

“అడగదా?”

“అడగదు. అందుకే మన డిస్క్‌ని పైకెక్కిస్తున్నా. చూడు, ముందుకొచ్చింది. సేవ్ చేశా. మళ్లీ లేస్తోంది.”

“ఆ గరగర ఏమిటి?”

“డిస్క్ తిరుగుతోంది. భయపడకు.”

“భయమెవరికి? నాకా?”

“ఇక్కడ రెండు దార్లున్నాయి తాతా. ఒకటి నొక్కితే లోపలున్నదంతా తుడిచేస్తుంది. రెండోది ఊరికే చూడనిస్తుంది. చూసేదే నొక్కుతున్నా.”

“చెయ్యి వణకనీకు. నా చెయ్యిలా.”

“నువ్వు మాట్లాడకపోతే వణకదు... తాతా! వచ్చేశాయ్! పాస్‌వర్డ్ అడగలేదు! నీ నమూనాలన్నీ ఉన్నాయి. ఇదిగో ద్రాక్షతీగ తలుపు, ఇదిగో నెమలి మంచం...”

“ద్రాక్షతీగ మీ నాయనమ్మ పెళ్లి బీరువాకి నేను గీసింది. ఏదీ, పెద్దది చెయ్యి.”

“ఎంత బాగుందో!”

“నమూనాల కాగితాలన్నీ ఫొటోలు తీసి, అసలువి పొయ్యిలో పెట్టాడు మీ నాన్న. ‘కంప్యూటర్లో ఉంటే చెద పట్టదు నాన్నా’ అన్నాడు. చెద కడుపున పుడుతుందని నాకేం తెలుసు?”

“ఇంక ఏడవకు. పెన్ డ్రైవ్‌లోకి దించేస్తా. నాన్న రాగానే ఆయన తెచ్చే కాగితాలు చింపెయ్. నమూనాలు మన చేతిలో ఉన్నాక ఆయనేం చేస్తాడు?”

“ఆగు.”

“ఆగడానికి టైం లేదు తాతా, ఆయనొచ్చేలోపు—”

“ఆగమన్నానా. దించకు.”

“దించకపోతే ఇంత తిప్పలు ఎందుకు పడ్డాం?”

“లోపలికి పోవడానికి దారుందో లేదో తెలియాలి నాకు. ఉంది. ఇక ఆ డిస్క్ తీసెయ్. వరస ఎప్పట్లాగే పెట్టు.”

“నీకు పిచ్చా? అయితే సంతకం పెడతావా?”

“పెడతా.”

“తాతా!”

“ఈ చేతుల్తో ఇంక ఉలి పట్టలేను. నువ్వేమో నర్సు చదువంటున్నావు. ఉన్నది వాడొక్కడు. ఒక్కసారి ఎదురుగా కూచుని, ‘నాన్నా, దుకాణం నాకియ్యి’ అనుంటే ఎప్పుడో ఇచ్చేవాణ్ణి. అడగలా. తాళం వేశాడు.”

“మరి నువ్వు ఓడిపోయావనుకుంటాడు కదా!”

“అనుకోనీ. సంతకం అయ్యేదాకా అనుకోనీ. ఆ తర్వాత, ఇప్పుడు నేనన్నదీ నువ్వన్నదీ, తిట్లతో సహా, ఒక్క మాట వదలకుండా కాగితం మీద పెట్టు. మీ నాన్నకి చదివి వినిపించు. ఈ డబ్బా తలుపు తెరుచుకున్నాకే నేను సంతకం పెట్టానని వాడికి తెలియాలి. వాడు గెలుచుకున్నది కాదమ్మా అది, నేను వేసిన బిచ్చం. మెల్లగా చదువు. రెండుసార్లు చదువు.”