నలభై ఏడో మేకు

ఆ కుర్చీల కూసోకు నౌమాన్ బేటా, దాని కాలు ఊగుతది. ఇటు మంచం మీదికి రా. ఆఁ, గట్ల. గట్టయ్య గురించి చెప్పాల్నా? ఆదివారం మీ స్కౌట్ పిల్లలకు రెండు మాటలు చెప్పుమని అడగొచ్చినవు, మంచిదే. నువ్వు పంపిన కాయితం మొన్న మా యమున చదివి వినిపించింది. వచ్చే నెల మన గోదారి ఒడ్డు మీది సమ్మక్క జాతరకు మంచినీళ్ల పందిరి, గద్దెలకాడ ముసలోళ్లను చెయ్యి పట్టి నడిపిచ్చుడు, జాతర ఒడిసినంక గోదారి ఒడ్డు సాఫ్ జేసుడు, ఎండకాలంల రక్తదానం. అండ్లనే, జాతరల చిన్నపిల్లల మెడల బిళ్ళలు కట్టుడు గూడ మల్ల మొదలువెడ్తున్నం అని రాసినవు. గా బిళ్ళల ముచ్చట రాంగనే మా పిల్ల నవ్వింది. ఎందుకు నవ్విందో తర్వాత చెప్త. ఛాయ్ వస్తది, ఆగు. పోశవ్వా, మందమర్రి పిలగాడొచ్చిండు, మన మెకానిక్ సర్వర్ కొడుకు, చక్కెర జర దండిగెయ్యి!

గట్టయ్యది మా బొగ్గు బాయి మీద ల్యాంపు రూముల పని. నువ్వు బాయి దిగినోనివి కాదు గద, జర ఇడమరిచి చెప్పాలె నీకు. మేం షిఫ్టుకు లోపటికి దిగేటప్పుడు ల్యాంపు రూము కిటికికాడ టోపికి పెట్టుకునే లైటిస్తరు, దాంతోని ఒక ఇత్తడి బిళ్ళ ఇస్తరు. బిళ్ళ మీద నంబరుంటది. లోపట గోడకు పెద్ద చెక్క, చెక్క నిండ మేకులు, మేకుకొక నంబరు. మనం పైకొచ్చి బిళ్ళ వాపసిస్తె గట్టయ్య దాన్ని దాని మేకుకే తగిలిస్తడు. మేకు మీద బిళ్ళ ఉన్నదంటె మనిషి పైకొచ్చినట్టు. మేకు బోడిగున్నదంటె మనిషి ఇంక లోపట్నే ఉన్నట్టు. గంతే లెక్క. గా లెక్కల గట్టయ్యంత మొండోడు బెల్లంపల్లి నుంచి మణుగూరు దాంక ఇంకొకడు లేడు. ఒకసారి ఏమైందంటె, వాన దంచి కొడ్తుంది, నాకు ఒళ్లు నొప్పులు, పైకి రాంగనే నా బిళ్ళ మా జోడీ బుచ్చన్న చేతిల వెట్టి ఇచ్చెయ్యిర తమ్మీ అని ఇంటికొచ్చి పన్న. అరగంటకు క్వార్టర్ ముంగట బుచ్చన్న, నెత్తి మీద గోనెసంచి. "సదానందం, నువ్వే రావాల్నట, గట్టయ్య బిళ్ళ తీస్కుంటలేడు" అన్నడు. తిట్టుకుంట పోయిన, తడిసి ముద్దైన. కిటికిల నుంచి నా మొకం చూసి నవ్విండు. "ఎవ్వని బిళ్ళ వాడే ఇయ్యాలె బావా. నీ బిళ్ళ ఇంకొకడు తెస్తె, నువ్వు పైకొచ్చినవని నేనెట్ల నమ్మాలె?" అన్నడు. వరుసకు బావ కాబట్టి బతికిపోయిండు ఆ దినం. మాది వాళ్లది ఒక్కటే ఊరు, కమాన్‌పూర్ దిక్కు. ఆయన పెండ్లాం పూలమ్మ నాకు చెల్లె వరుస.

డ్యూటీ దిగితె ఇంక స్కౌట్ల పిచ్చి. యాభై ఏండ్లు దాటిన మనిషి ఖాకీ నిక్కరు తొడుక్కొని, మెడకు రుమాలు కట్టుకొని, ఈల ఊదుకుంట గ్రౌండుల పిల్లగాండ్లను ఉరికిస్తుండె. నిక్కరు గట్టయ్య అంటుంటిమి. కనవడ్డోనికల్ల ఎడమ చెయ్యి ఇచ్చేటోడు. స్కౌటోళ్లు గట్లనే ఇయ్యాల్నట గద. మా అవ్వ ఒకసారి "థూ, ఎడమ చెయ్యి ఇస్తవేందిర, నీ కుడి చేతికేం రోగమొచ్చింది" అని ఇంత తిట్టింది. ఆయన నవ్వుకుంట "అవ్వా, ఎడమ చెయ్యి గుండెకు దగ్గర" అన్నడు. మా అవ్వకు సమజ్ కాలే, నాకు గూడ కాలే. దవాఖానల ఎవ్వరూ లేని పేషంట్లకు అన్నం వెట్టుడు, మోరీల బురద ఎత్తుడు, ఎవరన్న చచ్చిపోతె కట్టెలు మోసుడు, అన్నీ వాళ్లే. నేను నవ్వుతుంటి. కందకు లేని దురద కత్తిపీటకెందుకు బావా అంటుంటి. ఆయన రోసానికి వచ్చేటోడు కాదు. గదే నాకు ఇంక కోపం.

రెండువేల రెండు జాతర. గా ఏడు కొత్త ఉపాయం తీసిండు. జాతరల పిల్లలు తప్పిపోతున్నరు గద, బాయి మీద లెక్కనే పిల్లలకు గూడ బిళ్ళలు కడ్తం అన్నడు. నూనె డబ్బల రేకు కోసి, సుత్తెతోని నంబర్లు కొట్టి, నూట అరవై బిళ్ళలు తయారు చేసిండు. గుడారంల చెక్క, చెక్కకు మేకులు. లోపటికొచ్చేటప్పుడు పిల్ల మెడల బిళ్ళ కడ్తరు, తల్లిదండ్రులు నంబరు యాదికుంచుకోవాలె, పిల్ల తప్పిపోతె మైకుల నంబరు పిలుస్తరు. పోయేటప్పుడు బిళ్ళ వాపసియ్యాలె. పేర్లు రాసుకునే తీరిక లేకుండె, గంత జనం. మంచి ఉపాయమే. కని నేను క్యాంటీన్ల అందరి ముంగట ఎక్కిరిచ్చిన. "పిల్లలేమన్న మేకలా, మెడల బిళ్ళలు కట్టనీకె? ఎవని పిల్లను వాడు చూసుకోడా?" అన్న. నోరుంటె సాలదు బేటా, జర దాని మీద మూత గూడ ఉండాలె.

యమున పుట్టింది మాకు శాన లేటు. నాకు నలభై ఐదు దాటినంక, పోశవ్వ సమ్మక్కకు మొక్కంగ మొక్కంగ పుట్టింది. పిల్లకు నాలుగేండ్లు నిండినయ్, గా జాతరకే నిలువెత్తు బంగారం ఇయ్యాలె. బంగారమంటె బెల్లమే, నీకు ఎరుకే. తక్కెడల ఒకదిక్కు పిల్ల, ఒకదిక్కు బెల్లం. గేటుకాడ ఒక స్కౌట్ పిలగాడు వద్దన్నా ఇనకుంట బిళ్ళ కట్టిండు మా పిల్లకు. గట్టయ్య ఆడ లేడు, మైకుకాడ ఉన్నడు. మొక్కు తీరే వరకు రెండు దాటింది. నాకేమో సెకండ్ షిఫ్టు. ఆగమాగం ఆటో ఎక్కి, తల్లీబిడ్డలను ఇంటికాడ దించి, అటే డ్యూటీకి పోయిన. తెల్లారి లేచే వరకు పిల్ల వాకిట్ల ఆడుకుంటుంది, మెడల బిళ్ళ తళతళ మెరుస్తుంది. నలభై ఏడు.

పోశవ్వ బిళ్ళ తీసి నా అంగి జేబుల ఏసింది, "పోయి ఇచ్చిరా, పాపం" అన్నది. క్యాంటీన్ కాడికి పోయిన. గట్టయ్య గడప మీద కూసున్నడు. నిక్కరంత బురద, కండ్లు చింతనిప్పులు. చుట్టు పదిమంది. "బావా, నూట అరవై ఇచ్చినం, నూట యాభై తొమ్మిది వచ్చినయ్. నలభై ఏడు రాలే. పోలీసోళ్లకు చెప్పినం, ఒడ్డు పొంటి దేవులాడినం, ఎవ్వల పిల్లనో ఏమో బావా" అన్నడు. నా చెయ్యి జేబు దాంక పోయింది. నీమీదొట్టు బేటా, పోయింది. గప్పుడే బుచ్చన్న అన్నడు, "ఎవడో సోయి లేని గాడిద ఇంటికి తీస్కపోయుంటడు. దొరుకుతె చెప్పు తీస్కొని కొట్టాలె వాన్ని." అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన. చెయ్యి జేబులకెల్లి తీసుకున్న. మొన్న క్యాంటీన్ల పెద్ద మాటలు మాట్లాడినోన్ని, ఇయ్యాల గా గాడిదను నేనేనని ఎట్ల చెప్పుడు? దొంగకు తేలు కుట్టినట్టు ఉన్న.

గంతటితోని అయిపోతె బాగుండు. "వస్తవా బావా, ఇంకొక్కసారి ఒడ్డు చూసొద్దం" అన్నడు. పోయిన. ఔ, పోయిన! పిల్లను ఇంట్ల వెట్టుకొని, బిళ్ళను జేబుల వెట్టుకొని, గోదారి ఒడ్డు పొంటి ఆయనతోని తుప్పలు దేవులాడిన. గట్టయ్య మోకాలు లోతు నీళ్లల్లకు దిగి కట్టెతోని కెలుకుతున్నడు. ఒకకాడ ఎర్ర గుడ్డ తగిలింది కట్టెకు. గది చూసి ఆయన కూలవడ్డడు. ఎవ్వలో మొక్కుకొని వదిలిన జాకెట్ గుడ్డ అది. చేతిల వట్టుకొని ఎక్కెక్కి ఏడ్చిండు. గప్పుడన్న చెప్పొద్దా నేను? "ఇంటికి పోదం బావా" అన్న గని, గా మాట నోట్లకెల్లి రాలే.

మూడు దినాలైంది, పిల్ల తప్పిందని ఏ ఠాణల ఎవ్వరు చెప్పలే. పోలీసోళ్లన్నరు, "ఇంటికి పోయుంటది తియ్యి గట్టయ్యా, ఫిర్యాదే లేదు" అని. అందరు నిమ్మళమైండ్రు. ఆయన కాలే. "ఫిర్యాదు ఇచ్చేటోళ్లు లేని పిల్లలు ఉండరా బావా?" అన్నడు నాతోని. ఆదివారం ఆదివారం సైకిలేస్కొని బయలెల్లేటోడు. జైపూర్, కమాన్‌పూర్, ఏ ఊర్ల బడి ఉంటె ఆ ఊరికి. గసుంటి బిళ్ళనే ఇంకొకటి చేతిల వట్టుకొని "గిసుంటిది మెడల ఉన్న పిల్లను చూసిండ్రా" అని అడుగుడు. నాలుగేండ్లు తిరిగిండు గట్ల. పూలమ్మ చెల్లె నాకు చెప్పుకొని ఏడ్చేది, "జర నువ్వన్న చెప్పన్నా, నీ మాట ఇంటడు" అని. పోశవ్వ దినాం తిడ్తనే ఉండె, "పోయి ఇచ్చిరా, చంపుతడా ఏంది?" అని. రేపిస్త అంటుంటి. రేపు అనేటిది ఎంత పాడు మాటనో బేటా. మొదటి దినం చెప్తె నగుబాటు. నెలకు చెప్తె తిట్లు. ఏడాది దాటినంక చెప్తె, ఇంక మనిషే నా మొకం చూడడు అని భయం. బిళ్ళను ట్రంకు పెట్టె అడుగున, నా అప్పాయింట్‌మెంట్ కాయితం కింద దాసిన.

నాలుగేండ్లైనంక ఉన్నట్టుండి బందు వెట్టిండు తిరుగుడు. సైకిల్ బయటికి తీస్తలేడు. నేనేమనుకున్న? ఇంక మర్చిపోయిండు, పానం నిమ్మళమైంది అనుకున్న. ఆ ఏడే, గంతకు జర ముందు, మా యమునను వాళ్ల స్కౌట్లల్ల చేర్పిచ్చిన, చిన్నాడపిల్లల జట్టు ఉంటది గద, దాంట్ల. గట్టయ్యకు మా పిల్లంటె మస్తు పావురం, సొంత బిడ్డ లెక్క చూసుకునేటోడు. ఈల ఊదుడు దానికే ముందు నేర్పిండు. ఇంట్ల మా చెవులు తూట్లు వడ్డయ్. మర్చిపోయిండు అనుకున్ననా, కని ప్రతి జాతరకు గా చెక్క బయటికి తీసేటోడు, నలభై ఏడో మేకు బోడిగనే ఉంచేటోడు. "కొత్త బిళ్ళ కొడ్దం సార్" అని పిలగాండ్లంటె ఒప్పుకునేటోడు కాదు. "కొత్తది తగిలిస్తె పాతది వాపసొచ్చినట్టా? ఏమంటవ్ బావా?" అని నా దిక్కు చూసేటోడు. "ఏమంట, నీ ఇష్టం" అని నేను బీడి ముట్టిచ్చుకుంటుంటి.

రిటైరైన రెండేండ్లకు పానం బాగలేక పన్నడు, రెండువేల పదిల. చూడవోయిన. ఎనకట వానల తడిసొచ్చిన ముచ్చట తీసి నవ్విండు. తర్వాత మెల్లగ "అందరు పైకొచ్చిండ్రు బావా, నలభై ఏడే రాలే" అన్నడు. "ఆ పిల్ల ఏడనో ఆడ మంచిగనే ఉంటది తియ్యి బావా" అన్న. నా చెయ్యి వట్టుకున్నడు. ఎడమ చెయ్యే. "పిల్ల మంచిగనే ఉన్నది. నా ఫికర్ పిల్ల గురించి కాదు" అన్నడు. సోయి తప్పి మాట్లాడుతుండు అనుకున్న. నాలుగు దినాలకు పోయిండు. పాడె మోసిన నేను. నాలుగు మూలలల్ల ఒక మూల నాదే.

గిప్పుడు చెప్త యమున ఎందుకు నవ్విందో. మొన్న నీ కాయితం చదువుకుంట బిళ్ళల కాడికి రాంగనే నవ్వి, "నాయినా, నలభై ఏడు ఇంక పెట్టెలనే ఉన్నదా?" అన్నది. నీకెట్ల ఎరుక బిడ్డా అన్న. "మూడో తరగతిలనే చూసిన. గట్టయ్య సార్‌కు గూడ చెప్పిన, తెచ్చిస్త సార్ అన్న. సార్ వద్దన్నడు. 'నువ్వు తేవద్దు బిడ్డా, మీ నాయిననే తెస్తడు. నేను ఎదురు చూస్త. ఇంట్ల అడగకు' అన్నడు" అన్నది. మల్ల ఏమన్నడు బిడ్డా, తిట్టిండా అన్న. లేదట. ఎత్తుకొని గింత గట్టిగ ముద్దు వెట్టుకొని, సైకిల్ తాళం తీసి గోడకు తగిలిచ్చిండట. గప్పటి నుంచి సచ్చేదాంక నాలుగేండ్లు ఆయన నా కోసం ఎదురు చూసుకుంట ఉన్నడు బేటా. కిటికికాడ నిలవడి. ప్రతి జాతరకు పిలిచిండు, సచ్చేటప్పుడు గూడ పిలిచిండు. నేనే పైకి రాలే.

ఏంది? చెయ్యి సాపుతున్నవ్? నువ్వు తీస్కపోయి తగిలిస్తవా? వద్దు బిడ్డా, నీకు దండం వెడ్త, గట్ల నడవదు. ఎవ్వని బిళ్ళ... ఉండు, జర కండ్లల్ల ఏదో వడ్డది. ఆదివారం ఎన్ని గంటలకంటివి? తొమ్మిదా? ఎనిమిదికే ఆటో తోలియ్యి, నాకు మోకాళ్లు నొప్పి. మాటలు గీటలు నేను చెప్ప, ముందే చెప్తున్న. గా చెక్క బయట వెట్టుండ్రి. మేకు గట్టిగనే ఉన్నదా? ఒక్కసారి చూసి, ఊగుతుంటె సుత్తెతోని రెండు దెబ్బలు కొట్టుండ్రి.

ఛాయ్ సల్లగైతుంది, తాగు.