కారు కొన్నాక అనలేదు

పెళ్ళయి మూడు నెలలు. అతను గిన్నెలు తోముతుంటే ఆమె తుడుస్తోంది. చెప్పాల్సిన మాట పొద్దుటి నుంచీ ఆమె నాలుక చివరే ఉంది. ఇంత తొందరేమిటని అతనూ అంటాడేమోనని భయం.

“ఆఫీసులో భోజనాల దగ్గర ఎన్నికల గొడవండీ ఇవాళ.”

“ఎవరు గెలిచారు?”

“పిల్లలు ఓడిపోయారు. రెండు పార్టీల వాళ్ళూ అరుచుకుని అరుచుకుని, పిల్లలంటే ఖర్చు అనే దగ్గర ఒక్కటైపోయారు. ముందు ఇల్లు, కారు, ఆ తర్వాతేనట.”

“నువ్వూరుకున్నావా?”

“ఊరుకుంటానా! మా కతోలికుల పెళ్ళిలో, దేవుడిచ్చే బిడ్డల్ని ప్రేమతో స్వీకరిస్తారా అని ఫాదర్‌గారు అడుగుతారు. బలిపీఠం ముందు మాటిచ్చాం, కారు కొన్నాక అనలేదు అన్నాను.”

“శభాష్! ఏమన్నారు?”

“పాతకాలపు అమ్మమ్మవన్నారు. మీకూ తొందరనిపిస్తుందా?”

“ఏది?”

“మాట నిలబెట్టుకోవడం.”

గిన్నె అతని చేతిలోనే ఆగిపోయింది. “ఏయ్, నిజమా?”

“పొద్దున డాక్టరమ్మ కూడా నిజమే అంది.”

అతను సబ్బు చేతులతోనే ఆమెను ఎత్తి గిర్రున తిప్పేశాడు.

“అయ్యో, ఒళ్ళంతా నురగ!”

“ఉండనీవోయ్. పేరు మాత్రం మా నాయనమ్మదే.”

“అబ్బాయి పుడితే?”

“వాడి చెల్లెలికి దాచి ఉంచుదాం!”