కుప్పంలో ఉన్న సాక్షి

కుప్పం. మధ్యాహ్నం. పుంగనూరు బస్సు దిగి నేరుగా వచ్చిన అక్కమ్మ, జయమ్మ అత్తగారింటి వాకిట్లో నిలబడుంది. జయమ్మకు పెండ్లి కాకముందు, ఇద్దరూ పుంగనూరులో ఒకే పట్టు కార్ఖానాలో దారం తీసేవాళ్లు.

"మెల్లింగా మాట్లాడు అక్కమ్మా. మా అత్త దొడ్లో ఆవుకు మేతేస్తాండాది."

"మెల్లింగానే మాట్లాడతాండా జయక్కా. రేపు వస్తావా, రావా? అది సెప్పు."

"ముందు కూర్చో. ఎండన పడి వచ్చినావు. ఏమన్నా తిన్నావా?"

"తిన్నా."

"యాడ తిన్నావు? మొగం సూస్తే తిన్నట్ల లేదు. రాగి ముద్ద ఉండాది, రోంత..."

"రేపు మదనపల్లి కోర్టులో కేసు పిలుస్తారు. నీకు సమన్లు పంపినారంట. మా జయమ్మ ఈడ లేదు, యాడుందో తెలీదని మీ అమ్మ తిప్పి పంపేసిందంట."

"మా అమ్మకు ఈ అడ్రసు తెలీదులే."

"తెలీకుంటే ఈ ఇల్లు నాకెట్ల తెలిసింది? కాళ్లు పట్టుకుంటే మీ అమ్మే సెప్పింది."

"బిడ్డ లేస్తాడేమో. ఉయ్యాల ఊపొస్తా, ఉండు."

"లేవలే. ఈడికి కనపడతాండాది, నిద్రపోతాండాడు. కూర్చో జయక్కా."

"ఆదెమ్మను పిలుచుకోని పోరాదా? ఆ పొద్దు ఆదెమ్మ గూడా పనిలో ఉండె కదా."

"టీ తాగేదానికి పోయింటి, నాకేం తెలీదు అనేసింది. అందరిదీ అదే మాట. ఆడ పని చేసుకునేవాళ్లు కూడు పోగొట్టుకోని యాల సెప్తారు? స్టేషన్లో కేసు రాసుకునేదానికే మా నాయన్ను గేటుకాడ కూర్చోబెట్టి ఎంత తిప్పినారో నీకు తెలుసు. ఇప్పుడు ఆ చిన్న ఓనరు లక్ష్మీపతి తరపు ప్లీడరు ఏమంటాండాడో తెలుసా? నేను దారం కొంగులో దాచుకోని పోతాంటే లక్ష్మీపతి పట్టుకున్నాడంట. దొంగతనం బయట పడకుండా ఈ కత కట్టినానంట."

"నువ్వా? దారమా?"

"బోనులో నిలబెట్టి, అరిచినావా అని అడిగినాడు. నోట్లో గుడ్డ కుక్కినాడు సామీ అంటే, ఆ గుడ్డ ఏ రంగు అన్నాడు. నాకేం తెలుసు రంగు? కూర్చున్నోళ్లు నవ్వినారు. మా నాయన లేసి బయటికి పోయినాడు."

"ఎల్లప్ప మామ బాగుండాడా?"

"మాట్లాడడు. రాజీకి రమ్మని వాళ్లు మనిషిని పంపితే మాత్రం, నా బిడ్డ ఇష్టం అన్నాడు. ఆ ఒక్క మాటే."

"అదే శానా."

"సర్కారు ప్లీడరు సెప్పినాడు జయక్కా. తలుపు కొట్టిన ఆ పిల్ల వచ్చి నిజం సెప్తే కేసు నిలబడతాదని. నువ్వు సెప్పాల్సింది రెండు మాటలే. పట్టుగూళ్ల గది లోపల గెడేసి ఉన్నింది. పెద్ద ఓనరు వస్తాండాడని అరిచి తలుపు కొట్టినావు. లక్ష్మీపతి బయటికొచ్చినాడు. లోపల నేనుండా. అంతే."

"అంతేనా?"

"అంతే."

"దాని తర్వాత వాళ్ల ప్లీడరు లేస్తాడు కదా."

"లేస్తే లేవనీ. నువ్వు సూసింది నువ్వు సెప్పు."

"ఏమడుగుతాడో నేను సెప్తా, ఇను. అమ్మా, ఆ బాయిలరు హోరులో పక్కనున్న మనిషి పిలిస్తేనే ఇనపడదు. ఈ పిల్ల నోట్లో గుడ్డుండాది. తలుపు మూసుండాది. మరి లోపల ఏం జరుగుతాందో నీకెట్ల తెలిసింది? అంటాడు."

"అనుమానమొచ్చిందని సెప్పు."

"యాల వచ్చింది అనుమానం అంటాడు. గూళ్లు ఏరేదానికి ఒక ఆడమనిషి ఆ గదిలోకి పోతే, పనికి పోయిందనుకుంటారు. పరిగెత్తుకోని వచ్చి తలుపు కొడతారా అంటాడు."

"అవును. యాల పరిగెత్తినావు జయక్కా?"

"దారం తీసే తొట్టి కాడ నువ్వు లేవు. నీళ్లు మసులుతాండాయి. యాడికి పోయిందంటే, లక్ష్మీపతి గూళ్లు ఏరను పిల్చినాడు అన్నారు."

"అయితే?"

"మచ్చపడిన గూళ్లు వేరు చెయ్యాల, రా అన్నాడా నిన్ను?"

"ఊ."

"ఎండ తగిలితే గూళ్లు పాడైతాయని కిటికీ మూసినాడా?"

"నీకెట్ల తెలుసు? అది నేను పోలీసోళ్లకు గూడా సెప్పలేదే."

"నాకూ అదే సెప్పినాడు. అంతకు ముందు ఎండాకాలం. నాకు తలుపు కొట్టేదానికి ఎవరూ రాలేదు."

"జయక్కా..."

"ఏడవాకు. మా అమ్మకొక్కదానికే తెలుసు. అందుకే ఈ సంబంధం రాంగానే ఇంత దూరం పంపేసింది. మా ఆయన సిద్దప్ప మంచోడే. ఒక మాట అనడు. ఇది తెలిసినాక గూడా మంచోడుగానే ఉంటాడా? నాకు తెలీదు. తెలుసుకునే ధైర్నం నాకు లేదు."

"అయితే నా అరుపు ఇనపడిందని సెప్పేయ్."

"నోట్లో గుడ్డ కుక్కినాడని నువ్వు సెప్పేసినావే. నేను అరుపు ఇన్నానంటే నీ మాట అబద్ధమైతాది. దొంగదాన్ని చేసేస్తారు నిన్ను. నిజం సెప్తే నా కాపరం పోతాది. సమన్లొచ్చిన కాడ్నించి ఇదే తిప్పి తిప్పి ఆలోచన చేస్తాండా."

"అంటే సమన్ల సంగతి నీకు తెలుసు."

"తిప్పి పంపమన్నదే నేను."

"తిట్టల్యా నేను నిన్ను. కానీ ఇద్దరం సెప్తే? ఒకదాన్ని దొంగ అంటారు, ఇద్దర్నీ దొంగలంటారా? రేపు ఆ మనిషి మొగం సూస్తా నేనొక్కదాన్నే ఆడ నిలబడలేను జయక్కా."

"ఎన్నింటికి పిలుస్తారు?"

"పదిన్నరకు. మొదటి బస్సుకు పోతే అందుకుంటాం."

"కోర్టు లోపలికి బిడ్డను తీసుకోని రానిస్తారా?"

"నేనెత్తుకుంటా. నువ్వు బోనులో ఉన్నంతసేపూ నేనెత్తుకోని ఎదురుగానే నిలబడుంటా."

"పాలకు ఏడుస్తాడు. అయినా... బిడ్డవి రెండు గుడ్డలు సర్దుకుంటే..."

"జయమ్మా."

"అత్తా. నువ్వెప్పుడొచ్చినావు?"

"మేతేసి శానాసేపైంది. ఈ గోడవతలే కూర్చోనుండా. ఆ పిల్లకు ముద్ద పెట్టు. పాపం, ఎండన పడి వచ్చింది. తిన్నాక బస్సెక్కించి రా."

"అత్తా, నేను..."

"భయపడాకు. సిద్దప్పకు నేను యాల సెప్తా? నేనేమీ ఇనలేదు. నువ్వు మదనపల్లికి పోనంత కాలం, నేనేమీ ఇనలేదు."