యమున చాప దగ్గరే

కోటబొమ్మాళి. కల్యాణ మండపం మేడ మీద పొద్దుటి యోగా తరగతి అయిపోయింది. అందరూ చాపలు చుట్టుకుని వెళ్ళిపోయారు. సుభద్రమ్మ ఒక్కతే నడుం పట్టుకుని కూర్చుండిపోయింది. నేర్పే అమ్మాయి శ్రీలలిత కిటికీలు మూస్తోంది.

"అది కాదు లలితమ్మా, ఆ యమునని సాయంత్రం క్లాసుకి మార్సీ. అంతే. ఇంకేటీ అడగను."

"ఎందుకు పెద్దమ్మా? పాపం, బుద్ధిగానే నేర్చుకుంటోంది కదా."

"బుద్ధా? దానికా? నిన్న శవాసనంలో అందరం కళ్ళు మూసుకుని తొంగుంతే ఫోను మోగించీసినాది. ఆ పాటేటి, పెళ్ళి ఊరేగింపులో బేండు లాగ! నా గుండె జారిపోనాది."

"ఆవిడ తప్పయిపోయిందంది కదా."

"అనీస్తే అయిపోతాదేటి? ఆలీసంగా వస్తాది. వచ్చి, కూకున్నోల మధ్యనుంచి టకటకా నడిసి పోతాది. నా సాప తొక్కీసినాది. ఏటే అంటే, 'సూడలేదత్తా' అంతాది. సెంటొకటి! ఊపిరి పీల్సమని నువ్వు సెప్తావు, పీలిస్తే దాని సెంటే."

"సెంటు గురించి నేను చెప్తాను. మరి నిన్న ఆవిడ చాప బాత్రూం తలుపు దగ్గరకి ఎలా వెళ్ళింది?"

"నాకేటి తెలుసు?"

"మీరు లాక్కెళ్తుంటే చూశాను."

"అక్కడ... అక్కడ గాలొస్తాది. దాని మంచికే."

"పెద్దమ్మా."

"ఏటి?"

"ఆ ఫోను మోగినప్పుడు తీసి ఆపింది నేనే. పైన 'సుభద్రత్త' అని పేరు పడింది."

"ఏటీ?"

"మీ పేరే."

"నొక్కుడు పడిపోయుంతాది తల్లీ. తువ్వాలు కింద ఉన్నాది గదా నా ఫోను, సెయ్యి తగిలి..."

"ఫోన్లన్నీ ఆపేసి మెట్ల దగ్గర బుట్టలో పెట్టమన్నాను. మీది తువ్వాలు కిందకి ఎందుకొచ్చింది?"

"సరే. సేసాను. నానే సేసాను. తిట్టు."

"తిట్టను. ఆవిడ మీకేం చేసిందో చెప్పండి చాలు."

"అదేటి సేస్తాది? సేస్తన్నది నువ్వు."

"నేనా?"

"ఒంగమంతావు, దాని సాప కాడికి పోతావు. లెగమంతావు, దాని కాడే నిలబడతావు. ఇంతమందిమి ఉన్నాం, నాం మనుసులం కాదేటి?"

"అయితే కళ్ళు మూసుకోమన్నప్పుడు మీరు తెరిచి చూస్తున్నారన్నమాట."

"ఒక కన్నే."

"పక్క చాప మీదకి చూపు పోకూడదని మొదట్లోనే అనుకున్నాం. ఇది పందెం కాదు పెద్దమ్మా. ఎవరి ఊపిరి వాళ్ళు చూసుకోవాలి."

"నా ఊపిరి నానే సూసుకుంతన్నాను. ఇంకెవులు సూస్తారు?"

"అలా అంటారేంటి? ఆవిడకి వంగడం రాదు. నేను పట్టుకోకపోతే మెడ పట్టేస్తుంది. మీకు చెప్పడానికి ఏముంది? ఇక్కడ అందరికంటే శుభ్రంగా చేసేది మీరే."

"సేసి ఏటి లాభం?"

"చేసేవారు. ఈ మధ్యే వీపు గూనిలా పెట్టేస్తున్నారు. అందుకే ఆ నడుం నొప్పి."

"అయితే సూసావన్నమాట?"

"చూశాను. చెప్పాను కూడా."

"సెప్పినావు. అల్లంత దూరాన్నుంచి, 'పెద్దమ్మా, వీపు నిటారుగా' అని. దానికైతే కాడికొచ్చి, పక్కన కూకుని, ఈపు మీద సెయ్యేసి, 'నెమ్మది, నెమ్మది' అంతావు."

"ఉండండి. మీరు కావాలనే తప్పుగా చేశారా?"

"ఆ కిటికీ కూడా మూసీ తల్లీ, సలేస్తన్నాది."

"పెద్దమ్మా, కావాలనేనా?"

"ఎంత వంకరగా కూకున్నా నువ్వు రానేదు."

"అయ్యో! నడుం విరగ్గొట్టుకుంటారా దానికోసం?"

"దానికి రోజూ, నాకు ఒక్కనాడూ నేదు. నాను సూడనేదనుకున్నావా? సెయ్యి తియ్యడం కూడా మర్సిపోతావు నువ్వు, మాటల్లో పడి."

"అది మిమ్మల్ని తక్కువ చెయ్యడం కాదు. మీరు మా నాయనమ్మ ఈడు. అంత పెద్దవారి వీపు మీద చెయ్యేసి వంచితే ఏం మర్యాద? మాది రామతీర్థంలో కోవెల సేవ చేసుకునే ఇల్లు. పెద్దవాళ్ళతో ఎలా ఉండాలో మా నాన్నగారు నేర్పే పంపించారు."

"మరియాదా?"

"మర్యాదే. క్లాసు మొదలెట్టే ముందు మీ ఒక్కరి కాళ్ళకే కదా దణ్ణం పెడతాను. యమున కాళ్ళకి ఎప్పుడైనా పెట్టానా? ఈ హాల్లో మీకున్న గౌరవం ఇంకెవరికుంది? మరి ఆవిడ మీద కుళ్ళెందుకు మీకు?"

"కుల్లే. కాదనను. మాయాయన పోయినకాడి నుంచి కొడుకులొచ్చినా కాళ్ళే ముడతారు, కోడళ్ళొచ్చినా కాళ్ళే ముడతారు, మనవలకీ అదే నేర్పినారు. ఇక్కడికొస్తే నువ్వూ కాళ్ళే. నాకు ఈపు కూడా ఉన్నాది తల్లీ."