మూడు చుక్కల నట్లు

రెండువేల పదమూడు, దసరాకు ఇంకా మూడు రోజులున్నాయి. ఎల్బీనగర్‌లో జానయ్య మెకానిక్ షెడ్డు. బల్ల మీద అతని పాత ఫియట్ ఇంజను ముక్కలు ముక్కలుగా పరుచుకుని ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో స్పేర్‌పార్టుల దుకాణం నడిపే రామమోహనరావు తెచ్చిన కాగితం పొట్లం ఆ పక్కనే ఉంది. ముప్పై ఏళ్ల స్నేహితుడు తెచ్చింది కదా అని జానయ్య దాన్ని ఇంకా విప్పనైనా లేదు.

"మూడు దినాలు దిగలే సేటూ, గా విమానం!"

"పోయినసారి రెండు రోజులన్నావు."

"అప్పుడు పెట్రోలు తక్కువుండె. ఇను ముందు. నాదర్‌గుల్ కెల్లి పైలెట్ ఉరికొచ్చిండు, రెక్క ఊగుతుంది జానయ్యా అని. పోయి ఒక్కటే నట్టు బిగిచ్చి, మూడు చుక్కలు గొట్టిన. గంతే. రెక్క ఎంత గట్టిగైందంటే, విమానానికి కిందికి దిగబుద్ధి గాలె."

"నీ చుక్కలకు అంత మహిమా?"

"మరేంది? ఈ జానయ్య ఏ నట్టు బిగిచ్చినా దాని నెత్తిన పంచుతోని మూడు చుక్కలు గొడ్తడు. హైదరాబాదుల ఇంకెవ్వడు గొట్టడు."

"తెలుసులే. నువ్వడిగిన నట్లు ఎనిమిదీ పొట్లంలో ఉన్నాయి. చూసుకో, నే వెళ్తాను."

"ఏందా తొందర? చాయ్ రానియ్. మూడు నెలల సంది సతాయిస్తివి. అప్పట్ల మా సమ్మె, ఇప్పుడు మీ ఆంధ్ర దిక్కు సమ్మె. మద్రాసు లారీ రాలే, రాలే అంటివి. తెలంగాణ ముందొస్తదా, నట్లు ముందొస్తయా అని నా పెండ్లాం యాదలక్ష్మి ఒక్కటే నవ్వుడు."

"వచ్చాయిగా."

"దసరా నాడు బండి కదలాలె. మా మహేందర్ దుకాణం దెరుస్తుండు, ఎరికేనా?"

"విన్నాను."

"ఏడనో చెప్తలేడు దొంగ! 'కారు నువ్వే నడుపు నాయినా, తొవ్వ నేను జెప్త, ముంగట ఆపినంక జూడు' అంటడు. తల్లికి సుత చెప్పలే. మెకానిక్ కొడుకు సేటయితుండు సేటూ! నేను బిగిచ్చిన ఇంజను మీదనే పోయి ఆడ దిగాలె. నువ్వు ముంగట సీట్ల, నా పక్కపొంటి."

"నేనెందుకులే."

"ఎందుకంటవేంది? నువ్వు లేకుంటే... ఆగు. ఇదేంది?"

"ఏది?"

"గీ నట్టు. కొత్తదంటివి."

"కొత్తదే. మద్రాసు సరుకు."

"మద్రాసోడు మూడు చుక్కలు గొట్టిండా?"

"ఇలా ఇవ్వు, చూస్తా."

"గిది. గిది సుత. ఎనిమిదికెనిమిది! గ్యాసునూనెల తళతళ కడిగి తెచ్చినవ్. నువ్వు నట్లమ్మే మనిషివి సేటూ. లాక్‌నట్టు ఒక్కసారే పట్టు పడ్తదని, ఇప్పినదాన్ని మల్ల బిగియ్యొద్దని నీకు నేను జెప్పాల్నా? ఊడిందంటే రాడ్డు ఇంజను పొట్ట చీరుకొని బయటికొస్తది. కార్ల నా పెండ్లాముంటది, నా కొడుకుంటడు."

"ఆ కాస్త దూరానికి ఏం కాదులే అని..."

"ఎంత దూరమో నాకే ఎరుకలే. నీకెట్ల ఎరుక?"

"ఊళ్లోనే కదా అని."

"గిసుంటి బండి నా చేతుల కెల్లి ఇంకొక్కటే పోయింది. నీది. నీ ఫియట్ ఏడుంది?"

"అది... షెడ్లో..."

"ఏడుంది సేటూ?"

"అమ్మేశాను."

"అమ్మినవ్."

"పాతినుము వాడు తుక్కు కింద కొన్నాడు. కోస్తుంటే పక్కన నిలబడి ఈ ఎనిమిదీ విప్పించుకున్నా. కొత్తవి ఎక్కడా దొరకలేదు జానయ్యా. నీకు మాటిచ్చాను. వెళ్లేముందు..."

"వెళ్లేముందు? ఏడికి?"

"తెనాలి. రేపు. మా ఆవిడ కుసుమకుమారి నిన్ననే వెళ్లిపోయింది."

"దుకాణం?"

"ఇచ్చేశాను."

"మంచిది రామమోహనరావు గారు. మస్తు మంచిగ జేసిండ్రు."

"గారు అనకు."

"మరేమనాలె? దోస్తయితే చెప్పి పోతడు. పాత నట్లు కడిగి, కొత్తయని చేతుల వెట్టి పోడు. మా పోరగాళ్లు జెండలు వట్కొని మీ దుకాణం ముంగటకెల్లే నడిచిండ్రు గదా. ఒక్కడన్న మిమ్మల్ని ఒక్క మాట అన్నడా?"

"లేదు. మంచినీళ్లడిగి తాగి పోయేవాళ్లు. వాళ్లెవరూ కాదు."

"మరెవ్వడు?"

"దుకాణం కొన్నవాడే. రోజూ వచ్చి కూర్చునేవాడు. 'రేపు రాష్ట్రమొస్తే మీ షట్టర్ మీద రాళ్లు వడ్తయ్, అప్పుడు నేనేం జెయ్యలేను, ఇప్పుడే రాసియ్యుండ్రి' అని. కుసుమకు నిద్ర పట్టేది కాదు."

"నాకు జెప్పకపోతివి! నేను సచ్చిన్నా?"

"నీకెలా చెప్పను?"

"నోటితోని. పేరు జెప్పు వాంది."

"వద్దులే."

"ఎవ్వని కొడుకు వాడు? వాని అయ్యను గల్ల వట్టి అడుగుత, గిదేం పెంపకంరా అని."

"వాళ్ల నాన్న మంచోడు. ఆయన మొహం చూసే సంతకం పెట్టాను."

"మంచోడట! పొండ్రి. మీ నట్లు మీరే తీస్కపొండ్రి. దసరాకు నేను కారు తియ్య. ఆటోల పోత. కొత్త దుకాణం ఏడనో మహేందర్‌కు ఫోన్ గొట్టి గిప్పుడే అడుగుత."

"చెయ్యకు."

"నా కొడుక్కు నేను ఫోన్ జేస్తే మీకేంది?"

"వాణ్ని అడగొద్దు జానయ్యా, నేను చెప్తాను. దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి సందు, రెండో షట్టరు. బోర్డు మీద నా పేరింకా చెరపలేదు."