పోటు నాడు తెరిచి ఉంచిన గేటు

1989 జూలై 17వ తేదీ, సోమవారం ఉదయం, జెండా వందనానికి పిల్లలు బారులు తీరి నిలబడిన వేళ, శ్రీమతి కుస్మియాతి గారు గణిత ఉపాధ్యాయినిగా మా పాఠశాల ఆవరణలో తొలిసారి అడుగుపెట్టారు. అప్పటికి వారి వయస్సు ఇరవై నాలుగు. ఇస్త్రీ మడత చెదరని దుస్తులు, నిగనిగలాడే నల్ల బూట్లు. మధ్య జావాలోని పుర్వొరెజో నుంచి వచ్చిన వారికి మెత్తగా మాట్లాడడం, పెద్దల ముందు తల వంచి నడవడం ఉగ్గుపాలతో అబ్బిన విద్యలు; ఉత్తర జకార్తా సముద్రపు గట్టున పుట్టిన మా పిల్లలకు ఆ రెండూ రావు. ముప్ఫై ఆరు సంవత్సరాల సుదీర్ఘ సేవ అనంతరం ఈ ఆగస్టు నెలాఖరున వారు పదవీ విరమణ చేయనున్న సందర్భంగా మా పాఠశాల పత్రిక ఈ సంచికకు నాలుగు మాటలు రాసే భాగ్యం ఈ వ్యాసకర్తకు దక్కింది. పొగిడితే వారికి ఒళ్ళు మంట. అందుచేత జరిగింది జరిగినట్టు రాయడమే వారికి చేయగల గౌరవమని భావించడమైనది.

మాది ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల బడి. మా కంపుంగ్ తిరామ్ వాడలో తెల్లవారేసరికి పడవలు పచ్చ ఆల్చిప్పలు దించుతాయి. వాటిని ఉడకబెట్టి గుల్ల ఒలిచే పనికి ఇంటిల్లిపాదీ కూర్చుంటారు. చిన్న పిల్లలు ఆ వేడి గుల్లలు పట్టలేరు. పన్నెండేళ్ళు నిండాయంటే మాత్రం ఆ చేతులు పనికి అక్కరకొస్తాయి. అందువల్ల మా వాడలో చదువు ఆగిపోవడమంటూ జరిగితే సరిగ్గా మా మూడు తరగతుల్లోనే జరుగుతుంది. కుస్మియాతి గారి ఉద్యోగ జీవితమంతా ఈ మూడేళ్ళు పిల్లల్ని దాటించడంలోనే గడిచింది.

మొదట్లో వారు ఆ పని చేయలేదన్న సంగతి కూడా ఇక్కడ చెప్పవలసి ఉన్నది. 1991లో క్రమశిక్షణ బాధ్యత స్వీకరించి రోజూ గేటు దగ్గర నిలబడేవారు. నల్ల బూట్లు లేనిదే లోపలికి ప్రవేశం లేదన్నది నియమం. ఆ నియమాన్ని వారు ప్రాణప్రదంగా పాటించారు. పిల్లలు "బూట్ల టీచరమ్మ" అని పేరు పెట్టి, వారు కనబడగానే కాళ్ళ వంక చూసుకునేవారు.

1993 జనవరిలో వరుసగా రెండో ఉదయం సముద్రపు పోటు నీరు వాడను ముంచెత్తింది. ఎనిమిదో తరగతి చదువుతున్న వర్నితి అనే అమ్మాయి మోకాళ్ళ దాకా తడిసి, రబ్బరు చెప్పులతో గేటు దగ్గరికి వచ్చింది. కాగితం లేకుండా లెక్కలు చేయడంలో ఆ తరగతిలో ఆమెను మించినవారు లేరు.

"బూట్లు ఆరలేదు టీచరమ్మా. నిన్నటి నుంచీ పొయ్యి మీదే పెట్టాం."

"ఆరాక వేసుకుని రా" అన్నారు కుస్మియాతి గారు. గేటు మూసేశారు.

ఆ అమ్మాయి మళ్ళీ రాలేదు. పదో రోజున వారు ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళేసరికి, తల్లి ఆల్చిప్పల కుప్ప ముందు కూర్చుని, తల ఎత్తకుండానే పలకరించింది.

"ఇప్పుడొచ్చారా అమ్మా? మీరు పంపేశారు గదా, ఖాళీగా ఎందుకుంటుందని మా చెల్లెలు కరవాంగ్ తీసుకుపోయింది. అక్కడ ఇంటి పని."

"ఎప్పుడొస్తుంది?"

"పనికి పోయిన పిల్ల చదువుకి వస్తుందా? మీరు చదువుకున్నోళ్ళు, మీరే చెప్పండి."

ఆ సాయంత్రం కుస్మియాతి గారు తిరిగి వచ్చిన దారి కిలోమీటరు కూడా ఉండదు. దాని గురించి వారు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ తర్వాతి పోటుకు గేటు దగ్గర నిలబడిన కుస్మియాతి గారి కాళ్ళకు బూట్లు లేవు. వాటిని తాడుతో కట్టి మెడలో వేసుకున్నారు. ఆ రోజు నుంచి పోటు వచ్చినప్పుడల్లా పిల్లలంతా ఒట్టి కాళ్ళతోనే రావచ్చునని, బూట్లు చేత పట్టుకుని వస్తే తరగతి కిటికీల్లో ఆరబెట్టుకోవచ్చునని ప్రకటించారు. గోడ మీద పౌర్ణమి, అమావాస్యల పట్టిక వేలాడదీసి, ఆ రోజుల్లో పరీక్షలు పెట్టరాదని తోటి ఉపాధ్యాయులతో పోట్లాడి మరీ ఒప్పించారు. రెండు రోజులు రాని పిల్లల ఇంటికి మూడో రోజు వెళ్ళడం అలవాటు చేసుకున్నారు. ఊరికే కూర్చుని నీతులు చెబితే ఎవరు వింటారు? అందుకని వారు కూడా కత్తి పట్టి గుల్లలు ఒలుస్తూ, ఎన్ని బుట్టల గుల్లకు ఎంత మాంసం వస్తుందో లెక్క అడిగేవారు. జవాబు చెప్పిన పిల్లను మర్నాడు బడికి రమ్మనేవారు. చాలామంది వచ్చారు, అందరూ రాలేదు. రానివారి పేర్లు నేటికీ వారికి కంఠస్థం.

1998లో విద్యాశాఖ పర్యవేక్షకుడొకరు, మా అదృష్టం కొద్దీ, పోటు నాడే తనిఖీకి విచ్చేశారు. నాలుగు వందల మంది ఒట్టి కాళ్ళ పిల్లల్ని చూసి ఆయన ముఖం ఎర్రబడింది.

"ఏమిటండీ ఇది? బడా, చేపల రేవా?"

"రెండూ ఒకే వీధిలో ఉన్నాయండి" అన్నారు కుస్మియాతి గారు, పుర్వొరెజో మర్యాద ఏమాత్రం తగ్గకుండా. "మీ బూట్లు కూడా తడిసినట్టున్నాయి. విప్పి ఇలా ఇవ్వండి. జలుబు చేస్తుంది."

ఆయన ఏమనుకున్నారో ఏమో, విప్పి ఇచ్చారు. ఏడో తరగతి పిల్లలు వాటిలో పాత వార్తాపత్రికలు కుక్కి కిటికీలో పెట్టారు. ఆయన రోజంతా ఒట్టి కాళ్ళతోనే తనిఖీ పూర్తి చేసి, ఆరిన బూట్లు తొడుక్కుని, హాజరు సంతృప్తికరంగా ఉన్నదని రాసి వెళ్ళారు. ఆ కాగితం ఇప్పటికీ మా కార్యాలయ గోడ మీద ఉన్నది.

ఈలోగా వర్నితి కరవాంగ్ నుంచి తిరిగి వచ్చింది. చంకన బిడ్డతో వచ్చింది. ఆ బిడ్డ, తర్వాతి బిడ్డ మా బడిలోనే చదివి గట్టెక్కారు. 2011లో ఆమె మా గేటు పక్కనే అరటిపండు బజ్జీల బండి పెట్టుకున్నది. బడి మానేసిన పెద్దలు తొమ్మిదో తరగతికి సమానంగా రాసే పరీక్ష ఒకటున్నది. ఆ పరీక్షకు కూర్చోమని కుస్మియాతి గారు ఆమెను అడగని ఉదయం లేదు.

"దరఖాస్తు తెచ్చాను వర్నితీ."

"బజ్జీ చుట్టడానికి పనికొస్తుంది, ఇలా పెట్టండి."

"నీ బుర్రకి అదెంత పని?"

"నూనెలో వేసే అరటిపండు నన్ను సర్టిఫికెట్ అడగడం లేదు టీచరమ్మా. తినండి, చల్లారిపోతోంది."

ఇలా పన్నెండేళ్ళు. ఇద్దరూ నవ్వుతూనే మాట్లాడుకునేవారు కాబట్టి చూసేవాళ్ళకి అది ఉదయపు వేడుక. ఆ నవ్వుల కింద ఏమున్నదో మాలో ఎవరికీ తెలియదు.

తెలిసిన రోజు 2023 ఫిబ్రవరిలో వచ్చింది. అప్పటికి ఈ వ్యాసకర్త ఉద్యోగంలో చేరి మూడు వారాలు. గేటు బాధ్యత ఇతనిది. పోటు నాడు ఒట్టి కాళ్ళతో, బూట్లు చేత పట్టుకుని రావాలన్నది నియమమని ఇతనికి చెప్పారు. ఏడో తరగతి అమ్మాయి ఒకతె ఒట్టి కాళ్ళతోనే వచ్చింది కానీ, చేతిలో బూట్లు లేవు. నీళ్ళలో కొట్టుకుపోయాయట. చేతిలోనైనా ఉండాలి కదా, ఇంటికి వెళ్ళి ఇంకో జత తెచ్చుకోమని ఇతను పంపించాడు. పిల్లల సౌకర్యం కోసం పుట్టిన పద్ధతిని మూడు వారాల్లో మళ్ళీ పిల్లల్ని ఆపే నియమంగా మార్చిన ఘనత ఇతనిదే.

కుస్మియాతి గారు మేడ మీద నుంచి చూశారు. యాభై ఏడేళ్ళ వయస్సులో మెట్లు దిగి, పిక్కల దాకా నీళ్ళలో పరుగెత్తి, మలుపు దగ్గర ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చారు. ఆయాసపడుతూనే, ఎప్పుడూ వినని గొంతుతో అరిచారు.

"ఇంటికి పొమ్మంటే ఇంటికే పోతారనుకుంటున్నావా నాయనా? ముప్ఫై ఏళ్ళ కిందట ఇక్కడే, ఈ గేటు దగ్గరే, నేనొక పిల్లని పంపేశాను. నా క్లాసులో అందరికంటే తెలివైన పిల్ల. తప్పు చేశాను. ఆ తప్పు నా ఒక్కదానితో సరి!"

పది అడుగుల దూరంలో బజ్జీలు మాడుతున్న వాసన వచ్చింది. వర్నితి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఈ మాట ముందే అనొచ్చుగా టీచరమ్మా. పన్నెండేళ్ళుగా చదువుకో చదువుకో అంటారు. తప్పు నాదేనేమో, నేనే మానేశానేమో అనుకుంటూ బతికాను."

"నీది కాదు తల్లీ. నాది. క్షమించమని అడగడానికి నోరు రాక దరఖాస్తులు తెచ్చాను."

వర్నితి మాడిన బజ్జీలన్నీ తీసి పారేసింది. తలముసుగు చెంగుతో కళ్ళు తుడుచుకుని పొయ్యి తగ్గించింది.

"సరే. ఏం పుస్తకాలు కావాలి?"

ఆ తర్వాత రెండేళ్ళు బడి వదిలాక బజ్జీల బండి పక్కన బల్ల మీద చదువు సాగింది. గణితం కుస్మియాతి గారు చెప్పారు. సాంఘిక శాస్త్రం చెప్పే అవకాశం ఈ వ్యాసకర్త అడిగి మరీ పుచ్చుకున్నాడు. ఆ ఉదయం నుంచి ముఖం ఎత్తుకుని తిరగడానికి ఇతనికి అదొక్కటే దారి అయింది. గత శుక్రవారం ఫలితాలు వచ్చాయి. వర్నితి ఉత్తీర్ణురాలైంది. గణితంలో నూటికి ఎనభై ఏడు. ఆ కాగితం చూసి కుస్మియాతి గారు కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే మిగతా పదమూడూ ఏమయ్యాయని అడిగారు.

వీడ్కోలు సభ ఈ నెల 9న, శనివారం. ఆ రోజు పౌర్ణమి, పోటు తప్పదు. బూట్లు ఉన్నా లేకున్నా, చేతిలో ఉన్నా కాళ్ళకున్నా, గేటు తెరిచే ఉంటుందని ఆహ్వాన పత్రికలో అచ్చు వేయించడమైనది.

ఇటువంటి వ్యాసాన్ని శుభాకాంక్షలతో ముగించడం ఆనవాయితీ. మంచి మాటలు దొరక్క ఈ వ్యాసకర్త నిన్న బజ్జీల బండి దగ్గరికి వెళ్ళి ఏం రాయమంటావని వర్నితిని అడిగాడు. ఆమె అరటిపండ్లు చీలుస్తూ చెప్పింది.

"ఇలా రాయండి మాస్టారూ. పన్నెండో తరగతి పరీక్షకి ఇంకా మూడేళ్ళు పడుతుంది. తర్వాత కాలేజీ సంగతి చూడాలి. నేను చాలనేదాకా టీచరమ్మకి జబ్బూ గిబ్బూ రాకూడదు, ఎక్కడికీ పోకూడదు. నమాజులో రోజూ ఇదే అడుగుతున్నాను. నా ఒక్క గొంతు చాలకపోతే మీరూ కలవండి."

మేమందరం కలుస్తున్నాము.